జేబు లేని బట్టలు

ఉద్యోగం చేసే తల్లుల దుస్తుల మీద మహిళా పత్రికలు రాసే సలహాల్లో రంగులుంటాయి, మ్యాచింగులుంటాయి. ఆ చీర ఎవరు ఉతికి గంజి పెడతారన్న లెక్క మాత్రం ఉండదు. మన కథలూ, విమర్శా కూడా చీరని అందంగానో సంకెలగానో చూసినంతగా పనిముట్టుగా చూడలేదు. నేనూ చూడలేదు.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం లైబ్రరీకి తిరిగే రోజులవి. పాపకి ఏడు నెలలు. ఒక సదస్సుకి నీరుగట్టువారిపల్లె పట్టుచీర కట్టుకెళ్ళాను. పత్రం చదువుతుండగానే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. పైట నిండుగా కప్పుకుని ముగించాను. ఎవరూ ఏమీ అనలేదు. నేనే సిగ్గుపడ్డాను, అదీ స్త్రీల శరీర రాజకీయాల మీద పత్రం చదువుతూ!

తర్వాత పుంగనూరులో కుట్టే అక్క దగ్గర ముందు హుక్కుల నూలు జాకెట్లు, ముదురు రంగు చుడీదార్లు కుట్టించుకున్నాను. చుడీదార్లకి జేబులు పెట్టమన్నాను.

"జేబులెందుకు మేడం, బ్యాగుంది గదా?" అనింది.

ఒక చేత్తో బిడ్డ, ఇంకో చేత్తో బస్సు కమ్మీ. బ్యాగు తెరిచేదెట్లా? 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి టికెట్టు ఉచితమే గానీ, గుర్తింపు కార్డు చూపించాలి. అదీ జేబులోంచే తీస్తున్నాను.