కొలనుకు రాబోవు కప్పు

గండికోటలోని కత్తుల కోనేటికి కప్పు కావలెనని ఎవరును కోరినట్లు వినము. కాని ప్రొద్దుటూరు చుట్టుప్రక్కల తోటలో ఈతకొలను కట్టించుకొన్న గృహస్థుడు, ధూళియు రాలుటాకులును నీటిని చెరచుచుండగా, 40 డిగ్రీలు దాటిన ఎండ ఆ నీటిని దినదినము హరించుచుండగా, నేడు కాకున్న రేపైనను దానిపై కప్పు వేయింపవలెనని తలపోయుట సహజమే. కప్పు వాయిదా పడవచ్చును. దానిని మోయవలసిన నేలపని మాత్రము వాయిదా పడరాదని నా అభిప్రాయము.

మనవైపు కొలను చుట్టు కడప బండ పరచుట వాడుక. నడకకు అది చక్కనిదే. ఆ బండలలోనే బోల్టులు బిగించి స్తంభములు నిలుపుదమన్న యజమానితో మా మేస్త్రి, "బండేం మోస్తాది సామీ, మోసేది కింద నేల గదా!" అనినాడు. ఆ నేలయో, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల పెక్కుచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. కొలను గోడ మట్టి ఒత్తిడికి, నీటి ఒత్తిడికి ఓర్చునట్లు కట్టినదే గాని, గాలివానకు పైకెగయజూచు కప్పును పట్టి నిలుపుటకు కట్టినది కాదు. కావున గోడకు ఎడముగా, రేగడి ఉబ్బుట కుంగుటలు సోకని లోతునకు, సాధారణముగా 3.5 మీటర్లకు తక్కువ కాకుండ, అడుగున వెడల్పు చేసిన కాంక్రీటు పైళ్లు దింపవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇట్టి నేలలకై తీర్చిదిద్దిన పద్ధతి యిది. త్రవ్వునప్పుడు కొలను ఖాళీ చేయరాదు. లోపల నీటి ఆనిక లేని గోడను తడిసిన రేగడి లోనికి నెట్టగలదు. పులివెందుల వైపు కొద్ది లోతుననే రాయి తగులు తావులలో ఈ ప్రయాస యుండదు, వారి అదృష్టము!

పట్టాలపై జారు కప్పైనచో అంచు సమతలముగా నుండవలెను. రసమట్టముకంటె ఇందుకు కొలనే మేలు: గాలి లేని తెల్లవారుజామున నిశ్చలమైన నీటినుండి అంచువరకు చుట్టును కొలిచినచో, ఏ మూల దిగినదో తెలియును. వానకాలువకును, కరెంటు తీగలకును గొట్టములను బండలక్రింద ఇప్పుడే పరపింపవలెను.

మూసిన కొలనులో క్లోరిను కలిసిన ఆవిరి లోహమును తినును. 1985లో స్విట్జర్లండులోని ఊస్టర్ పట్టణమున, తుప్పు పట్టదని నమ్మిన ఉక్కు కడ్డీలు చిట్లి, ఈతశాల కాంక్రీటు లోకప్పు కూలి 12 మంది మరణించిరి. అందుచేత గాలి ఆడు కిటికీల తావులను పటములో ముందే గుర్తింపవలెను. కప్పును కడ్డీలకు వ్రేలాడదీయు ఆలోచనయే వలదు.

పైళ్ల తలలనున్న బోల్టులకు గ్రీజు పూసి, మూతలు బిగించి, పైన సిమెంటు లేకుండ బండ పరచి, ఆ బండమీద ఉలితో చిన్న గీటు పెట్టించుట మా మేస్త్రి పద్ధతి. కప్పు వేయువారు ఎన్నేండ్లకు వచ్చినను వెదకుకొన నక్కరలేదు.