క్లివ్డెన్: అతిథిగృహంలో చరిత్ర

బకింగ్‌హామ్‌షైర్‌లో, థేమ్స్ నదికి ఎగువన ఎత్తైన గట్టు మీద నిలిచిన క్లివ్డెన్ నేడు ఒక ఖరీదైన హోటల్. ఇటువంటి భవంతుల్లో అతిథి చెల్లించే సొమ్ము పడకకూ భోజనానికీ మాత్రమే కాదు, గతానికి కూడా. ఆ గతాన్ని ఎవరో ఏరి, కూర్చి, అతిథి ముందు పెడతారు. ఏది ఏరారు, ఏది వదిలారు అని అడగడమే ఈ ఇంటిని చదవడానికి సరైన దారి.

కనిపించేటంత పాత ఇల్లు కాదిది. పదిహేడవ శతాబ్దిలో రెండవ బకింగ్‌హామ్ డ్యూక్ కట్టించిన భవనం 1795లో తగలబడింది. దాని స్థానంలో వచ్చినది 1849లో కాలిపోయింది. ఇప్పుడున్నది 1851లో చార్లెస్ బారీ రూపకల్పన చేసినది. డ్యూక్ కాలం నాటి కమానుల వేదిక మాత్రం దాని కింద మిగిలింది. ఆ డ్యూక్ తన ప్రియురాలి భర్త ష్రూస్‌బరీ ప్రభువుతో 1668లో ద్వంద్వయుద్ధం చేశాడు. గాయపడిన ప్రభువు కొన్ని వారాలకు మరణించాడు. పోరు జరిగింది లండన్ సమీపంలోని బార్న్ ఎల్మ్స్‌లో. గుర్తుగా కత్తి ఆకారమూ, సంవత్సరమూ వెలసింది మాత్రం క్లివ్డెన్ తోటలో. శృంగారం కలిసిన హత్య చరిత్రగా సులువుగా చెల్లుబాటవుతుంది.

1740 ఆగస్టు 1న, యువరాజు ఫ్రెడరిక్ ఇక్కడ నివసిస్తున్న కాలంలో, ‘ఆల్ఫ్రెడ్’ అనే సంగీత రూపకం ప్రదర్శించారు. ‘రూల్ బ్రిటానియా’ మొదట వినిపించింది అందులోనే. సముద్రాల మీద ఆధిపత్యాన్నీ, బ్రిటన్ ప్రజల స్వేచ్ఛనూ ఒకే ఊపిరిలో కీర్తించే పాట అది. అదే కాలంలో బ్రిటిష్ ఓడలు ఆఫ్రికా మనుషులను బానిసలుగా అట్లాంటిక్ దాటిస్తున్నాయి. ఆ పాట పుట్టినచోటుగా క్లివ్డెన్‌ను పరిచయం చేసినప్పుడు ఈ రెండో వాక్యం కూడా చెప్పకపోతే పరిచయం సగమే అవుతుంది.

1893లో ఈ ఎస్టేటును కొన్న విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ అమెరికన్. ఆ కుటుంబానికి ఉన్ని తోళ్ళ వ్యాపారం తొలి సంపదనిస్తే, న్యూయార్క్ స్థలాలు దాన్ని పెంచాయి. ఆయన రోమ్‌లోని విల్లా బోర్గేసే నుంచి రాతి పిట్టగోడను కొని తెచ్చి తోటలో నిలిపాడు. ఫ్రాన్స్‌లోని అనియేర్ భవంతి నుంచి చెక్కపలకలు తెప్పించి భోజనశాల గోడలకు తాపడం చేయించాడు. ఇటలీ రాయి, ఫ్రెంచి చెక్క, అమెరికా డబ్బు కలిస్తే వచ్చినదే నేటి అతిథి చూసే ‘అచ్చమైన ఇంగ్లీషు’ భవనం. హోటల్ రాకముందే గతాన్ని కొనుక్కోవడం ఇక్కడ మొదలైంది.

ఆయన కోడలు నాన్సీ ఆస్టర్ 1919లో కామన్స్ సభలో ఆసనం స్వీకరించిన తొలి మహిళ. 1930లలో ఆమె ఇంట వారాంతాలకు మంత్రులు, సంపాదకులు, మేధావులు చేరేవారు. హిట్లర్‌తో రాజీకి వీరంతా కుట్ర పన్నుతున్నారని పాత్రికేయుడు క్లాడ్ కాక్‌బర్న్ 1937లో రాశాడు. ‘క్లివ్డెన్ సెట్’ అన్న పేరు అలా స్థిరపడింది. కుట్ర అన్న మాటను తరువాతి చరిత్రకారులు చాలావరకు అంగీకరించలేదు. అయితే కుట్ర అవసరం లేకుండానే, ఒకే తరగతికి చెందినవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే రకంగా ఆలోచించడం సాధ్యమేనని ఈ ఇల్లు చూపుతుంది.

ఆ బల్ల దగ్గర తరచు కనిపించిన ఫిలిప్ కెర్, అంటే లోథియన్ ప్రభువు, 1932లో భారత ఓటుహక్కు కమిటీకి అధ్యక్షుడు. ఎవరికి ఓటు ఉండాలన్న చర్చలో ఆ కమిటీ సిఫార్సులు 1935 చట్టానికి దారి వేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలు 1937లో ఓటు వేసింది ఆ చట్టం కిందే. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు లేని కూలిజనంలో అత్యధికులకు అప్పుడు ఓటు రాలేదు. వేల మైళ్ళ దూరాన ఉన్న ఆ పల్లెల రాజకీయ హక్కును కొలిచిన మనిషి సేదదీరిన చోటు ఇది. తెలుగు పాఠకుడికి ఈ ఇంటితో ఉన్న సంబంధం ఆ మేరకు నిజమైనది.

హోటల్‌కు ఎక్కువ పేరు తెచ్చినది మాత్రం ఈత కొలను. 1961 జులైలో యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమో అక్కడ 19 ఏళ్ళ క్రిస్టీన్ కీలర్‌ను చూశాడు. ఆ సంబంధం గురించి సభలో అబద్ధమాడి 1963లో రాజీనామా చేశాడు. ఎస్టేటులోని కుటీరంలో అద్దెకుండి ఆమెను అక్కడికి తెచ్చిన స్టీఫెన్ వార్డ్, విచారణ ముగిసేలోపే నిద్రమాత్రలు మింగి ప్రాణం తీసుకున్నాడు. మరో కేసులో అబద్ధపు సాక్ష్యం నేరం మీద కీలర్ జైలుకు వెళ్ళింది. సేవాకార్యక్రమాల్లో దశాబ్దాలు గడిపిన ప్రొఫ్యూమోకు 1975లో రాజగౌరవం దక్కింది. ఒకరికి ప్రాయశ్చిత్తం, ఒకరికి అపకీర్తి, ఒకరికి చావు. కొలను పక్కన చల్లని పానీయంతో పాటు వినిపించే సరదా కథలో ఈ లెక్క వినిపించదు.

నాన్సీ ఆస్టర్‌కు 35 ఏళ్ళు సేవచేసిన రోజ్ హారిసన్ 1975లో తన జ్ఞాపకాలు ప్రచురించింది. యజమానురాలికి మాటకు మాట బదులిచ్చిన ఆ పనిమనిషి పుస్తకం ఇంటిని వంటింటి మెట్ల వైపు నుంచి చూపుతుంది. తోటలో మరో సాక్ష్యం ఉంది: మొదటి ప్రపంచ యుద్ధంలో ఎస్టేటులో నడిచిన కెనడా సైనిక వైద్యశాలలో మరణించిన వారివే ఎక్కువగా ఉన్న, 40కి పైగా సమాధుల చిన్న శ్మశానం.

1942లో ఆస్టర్ కుటుంబం ఈ ఆస్తిని నేషనల్ ట్రస్టుకు అప్పగించింది. కుటుంబం 1966 తరువాత వెళ్ళిపోయింది. కొంతకాలం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఉన్నారు. 1980ల మధ్యలో హోటల్ వచ్చింది. ఇంత పెద్ద కప్పును నిలబెట్టడానికి అద్దె కావాలి, కాబట్టి ఈ ఏర్పాటును తప్పుపట్టడం తేలిక కాదు. దానివల్ల తోట టిక్కెట్టు కొన్న ప్రతివారిదీ అయింది. ఇంటి లోపలి భాగం చాలావరకు గది తీసుకున్నవారిదే. భవనం బతికిందంటే హోటల్ వల్లే. దాని చరిత్రను కూడా హోటల్‌కే వదిలేయనక్కర లేదు. కొలను దగ్గర ఆగిన అతిథి నాలుగడుగులు వేసి శ్మశానం దాకా నడిస్తే, ఒక్క రాత్రి అద్దెకు వచ్చినదాని కన్నా ఎక్కువే చూడగలడు.