కోకా సుబ్బారావు గారి భిన్నతీర్పు

1962 డిసెంబరు 18వ తేదీన సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ వ్యాజ్యములో తీర్పు వెలువరించినది. దానిని విచారించిన ఆరుగురు న్యాయమూర్తులలో నలుగు రొక వైపునను, ఇద్దరొక వైపునను నిలిచిరి. ఆ ఇద్దరి పక్షమున భిన్నతీర్పు వ్రాసినవారు కోకా సుబ్బారావు గారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరున ఏర్పడిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నందుకొన్నవారు. న్యాయవాదులు తప్ప ఇతరులు ఈ భిన్నతీర్పును చదువుట అరుదు. కాని మనిషి మనస్సును గూర్చియు, విజ్ఞానశాస్త్ర పద్ధతులను గూర్చియు అందులో చెప్పబడిన మాటలు నేటి పాఠశాలకు పోలీసు ఠాణాకంటె దగ్గరగా వచ్చినవి. కనుక దానిని న్యాయశాస్త్ర గ్రంథముగా గాక, ఒక వాదముగా పరీక్షించుట ఉపాధ్యాయులకు ఉపయోగకరము.

వ్యాజ్యపు సంగతి చిన్నది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనునతనిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యము లేనందున విడిచిపెట్టిరి. ఐనను పోలీసులు అతనిపై హిస్టరీ షీటు తెరచిరి. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది ఇట్టివారిపై నిఘాకు ఆరు మార్గములను చెప్పుచున్నది: ఇంటికి రహస్యముగా కాపలా పెట్టుట, రాత్రివేళ ఇంటికి పోయి చూచుట, అతని పేరు ప్రతిష్ఠలు, అలవాట్లు, స్నేహములు, ఆదాయ వ్యయములు, వృత్తి గూర్చి అప్పుడప్పుడు విచారించుట, అతడు ఊరు కదలినపుడు కానిస్టేబులు, చౌకీదారులు తెలియజేయుట, ఆ కదలికలను చీటీలు పంపి సరిచూచుట, తెలిసినదంతయు హిస్టరీ షీటులో కెక్కించుట.

నలుగురు న్యాయమూర్తులు వీనిలో రాత్రివేళ సందర్శనము నొక్కదానినే కొట్టివేసిరి. నిద్రించువాని తలుపు తట్టుట అతని స్వేచ్ఛకు భంగమని వారి భావము. మిగిలిన అయిదును నిలిచినవి. గోప్యత రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని కూడ వారనిరి. ఇచ్చటనే వారి తర్కము కుంటినడక పట్టినది. ఇంటిలోని ప్రశాంతి కాపాడదగినదే ఐనచో, దానికి గోప్యత యనక వేరొక పేరేమున్నది? రహస్యపు కాపలాను గూర్చి వారు చెప్పిన సమాధానము ఇంకను విచిత్రము. కాపలా రహస్యమైనది గనుక అతనికి తెలియదు, తెలియని దానివలన అతని కదలికకు ఆటంకము లేదు అనిరి. తెలిసిన యెడల మనస్సు నొచ్చునేమో గాని, మనస్సు నొచ్చుట హక్కులకు సంబంధించినది కాదనిరి.

సుబ్బారావు గారు సరిగా ఈ చోటనే వారితో విభేదించిరి. స్వేచ్ఛ యనగా కాళ్ళకు సంకెల లేకుండుట మాత్రమే కాదని వారి వాదము. తనను కనిపెట్టి, చేయు ప్రతి పనిని వ్రాసికొనుచున్నారని యెరిగినవాడు నడువగలడు, కాని ఇష్టము వచ్చినట్లు నడువలేడు. అట్టివానికి దేశమంతయు చెరసాలయే. నాగరికత పెరిగినకొలది శరీరమునకు వేయు బంధములకంటె మనస్సునకు వేయు బంధములే బలవత్తరము లగుననియు, మనస్సును మలచు శాస్త్రీయ పద్ధతులు భయమును పుట్టించి మనిషిని ముందే గీసిన గాడిలో నడిపించుననియు వారు చెప్పిరి. రాజ్యాంగములో గోప్యత అను పదము లేకున్నను, అది వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమని తేల్చి, 236వ నిబంధన మొత్తము చెల్లదనిరి.

కంప్యూటరు పేరు కొద్దిమందికే తెలిసిన కాలములో వ్రాసిన మాట లివి. హాజరు వేయుటకు ముఖమును గుర్తించు యంత్రముతో వానిని పోల్చి చూడవచ్చును. కెమెరా తీసిన బొమ్మనుండి యంత్రము ముఖమును వేరుచేసి, దానిని వందల సంఖ్యలుగల ఒక పట్టీగా మార్చును. ముందుగా దాచిన పట్టీతో క్రొత్తదానిని పోల్చి, రెండింటికి నడుమ తేడా ఒక హద్దుకు లోబడియున్నచో ఇతడే ఆ విద్యార్థి యని చెప్పును. హద్దును సడలించినచో ఒకరికి బదులు మరొకరు హాజరగుదురు. బిగించినచో వచ్చిన పిల్లవాడే రానివా డగును. ఒక పొరపాటును తగ్గింపబోయిన రెండవది పెరుగును. ఇదంతయు గణితము, ఇందు దోషము లేదు. కాని హాజరు పుస్తకములో మిగులునది వచ్చెను, రాలేదు అను గుర్తు మాత్రమే. ఇచ్చట మిగులునది ముఖపు కొలత. తాళపుచెవి పోయిన తాళము మార్చవచ్చును, రహస్యపదము బయటపడిన క్రొత్తది పెట్టుకొనవచ్చును. ముఖమును మార్చుకొనుట యెట్లు? పైగా చౌకీదారునకు నిద్ర వచ్చును, కెమెరాకు రాదు.

ఇంతవరకు భిన్నతీర్పు బలము. దానికొక లోపమును కలదు, పొగడువా రెవరును దీనిని తగినంతగా చెప్పరు. 236వ నిబంధన శాసనసభ చేసిన చట్టము కాదు. పోలీసుశాఖకు ప్రభుత్వ మిచ్చిన ఉత్తరువు మాత్రమే. కనుక సుబ్బారావు గారు, హక్కుకు భంగము కలిగినది, భంగపరచుటకు చట్టము లేదు, కావున చెల్లదు అని అచ్చటితో ఆగిరి. అవే ఆరు మార్గములను శాసనసభ చట్టముగా చేసియుండినచో ఏమనెడివారు? వ్యాజ్యమునకు అవసరము లేని ప్రశ్నకు న్యాయమూర్తి జవాబు చెప్పకపోవుట తప్పు కాదు. ఐనను వారి వాదములో అత్యంత విలువైన భాగము, అనగా మనస్సునకు పడు బంధము, చివరి నిర్ణయమునకు పునాదిగా నిలువక ప్రక్కనుండిపోయినది.

ఆ ఖాళీ 2017లో పూరింపబడినది. ఆ సంవత్సరము ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించి, ఖరక్ సింగ్ తీర్పులో దానిని కాదన్న భాగమును రద్దుచేసిరి. అందు న్యాయమూర్తి నారిమన్ సుబ్బారావు గారి తీర్పును మూడు గొప్ప భిన్నతీర్పులలో ఒకటిగా లెక్కించిరి. గోప్యతలో జోక్యమునకు చట్టముండవలెను, ప్రయోజనము న్యాయమైనదై యుండవలెను, సాధనము ఆ ప్రయోజనమునకు తగిన మేరలో నుండవలెను అను పరీక్షలు ఈ తీర్పునుండి వచ్చినవే. మరుసటి యేడు సెప్టెంబరు 26న ఆధార్ వ్యాజ్యములో, ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు చదువు హక్కే గాని సబ్సిడీ కాదు గనుక బడిలో చేర్చుకొనుటకు ఆధార్ తప్పనిసరి చేయరాదని అధికసంఖ్యాకులు చెప్పిరి.

తల్లిదండ్రులు సంతకము చేసిరి గదా, ఇక అభ్యంతర మేమి? అని అడుగువారున్నారు. స్వీడనులో 2019లో ఈ ప్రశ్న వచ్చినది. షెలెఫ్టియో పురపాలక సంఘపు బడి యొకదానిలో ఇరువదిరెండుగురు విద్యార్థులకు కొన్ని వారములు ముఖము ద్వారా హాజరు వేసిరి. అందరి సమ్మతియు తీసికొనిరి. ఐనను ఆ దేశపు సమాచార రక్షణాధికారులు పురపాలక సంఘమునకు రెండు లక్షల క్రోనార్ల జరిమానా విధించిరి. బడి చేతిలోనున్న విద్యార్థి ఇచ్చు సమ్మతి స్వేచ్ఛతో ఇచ్చినది కాజాలదనియు, హాజరును ఇంతకంటె తేలిక మార్గమున తీయవచ్చుననియు వారి కారణములు. అధికారము ముందు మనస్సు ముడుచుకొనుననుట సుబ్బారావు గారు చెప్పినదే.

భారతదేశములో 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి నందరిని పిల్లలుగా లెక్కించి, తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, పిల్లల జాడ తీయుట, ప్రవర్తనను గమనించుట కూడదనియు శాసించినది. మంచిదే. కాని 2025 నవంబరులో వచ్చిన నియమములు విద్యాసంస్థలకు ఇందుండి మినహాయింపు నిచ్చినవి. విద్యా కార్యకలాపముల కొరకును, చేరిన పిల్లల భద్రత కొరకును జాడ తీయవచ్చును, గమనింపవచ్చును. బడిలో జరుగు ఏ పని విద్యా కార్యకలాపము కాదు? ఏ కెమెరా భద్రతకు కాదు? పిల్లవాడు బస్సు దిగెనో లేదో తెలిసికొనుటకును, వాడు పాఠము వినుచు ఎన్నిమారులు కిటికీవైపు చూచెనో లెక్కించుటకును ఒకే మాట సరిపోవుచున్నది. చట్టమున్నది, ప్రయోజనము మంచిదే; ఇక మిగిలినది మూడవ పరీక్ష, తగిన మేర. నలువదిమంది తరగతికి పేర్లు పిలుచుటకు పట్టు నిమిషము లెన్నో ఉపాధ్యాయులకే తెలియును.

దీనిని తరగతిలో చర్చింపదలచినవారు నల్లబల్లపై ఒక వైపున 236వ నిబంధనలోని ఆరు అంశములను, రెండవ వైపున తమ బడి కెమెరా, బస్సు, యాప్ సేకరించు వివరములను వ్రాయించవచ్చును. కాపలా, విచారణ, కదలికల వార్త, సరిచూపు, పట్టీ అను అయిదింటికి జతలు సులభముగా దొరకును. రాత్రివేళ సందర్శన మొకటి మిగులును. దానికి రాత్రి పది గంటలకు ఇంటిపాఠము పూర్తికాలేదని ఫోను మ్రోగించు యాప్‌ను ఎవడో విద్యార్థి చూపకపోడు.