నేల తిన్న మిత్రుడు

ఆ సోమవారం పొద్దున స్టాండప్‌కి మా టీమ్ కుర్రాడొకడు మోచేతికి కట్టుతో వచ్చాడు. ఏమైందని అడిగితే కంగారులో నోరు జారాడు. ‘‘ఐ ఏట్ ద గ్రౌండ్’’ అన్నాడు. మాదాపూర్ మెట్రో స్టేషన్ మెట్ల మీద నేల తిన్నాడట! స్క్రీన్ మీద పుణె నుంచి కలిసినవాళ్లకి ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం నవ్వుతోపాటు చుట్టం కనబడ్డంత సంతోషం కలిగింది. మనం దెబ్బలు తింటాం, తన్నులు తింటాం, చీవాట్లు తింటాం, లంచాలు తింటాం, ఎదుటివాడి బుర్ర తింటాం. నేలొక్కటే తినం, మహా అయితే మన్ను కరుస్తాం. ఫార్సీవాళ్లు ఆ లోటు కూడా ఉంచుకోలేదు.

అతనిది ఇస్ఫహాన్. చదువు కోసం హైదరాబాద్ వచ్చి, డిగ్రీ చేతికొచ్చాక ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. టోలిచౌకిలో ఉంటాడు. పేరు రాస్తానంటే వద్దన్నాడు, సరే. ఆఫీసులో అందరూ నన్ను ‘అన్నా’ అంటారు గనక అతనూ అన్నా అనే అంటాడు. సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. కాబట్టి నాకు ఇంగ్లిష్ బాగా వచ్చని అతని నమ్మకం. ఏడాదిగా మంగళవారం, గురువారం భోజనాలయ్యాక అరగంట నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాడు. పని నడిపించే ఇంగ్లిష్ అతనికి ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు కావలసింది పెద్ద మాటలు. వాటిని నేర్పుతున్నది ఎవరో, నేర్చుకుంటున్నది ఎవరో మూడో నెలకే తారుమారైంది.

మొదట నాకు తెలిసిన దారే చూపించాను. అమీర్‌పేట హాస్టల్లో జీఆర్ఈ కోసం బారన్స్ పుస్తకం మోసిన తరం మాది. అందులో మూడున్నర వేల మాటలు. అబేస్, అబాష్, అబేట్ అంటూ మొదలెట్టి ‘ఏ’ అక్షరం దాటకుండానే సగంమంది చతికిలబడేవాళ్లం. గోడ నిండా చీటీలు, చీటీకో మాట, మాటకో అర్థం. ఆ పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011లో ఎత్తేశారు గానీ అప్పటికి మా బుర్రలు నిండిపోయాయి. అలా నిండిన బుర్రతోనే మొదటి ఉద్యోగంలో క్లయింటుకి మెయిల్ రాశాను. ఈ రిలీజ్‌లో ‘ప్లెథోరా ఆఫ్ ఫిక్సెస్’ ఉన్నాయని. చీటీ మీద ప్లెథోరా అంటే సమృద్ధి. రాసి మురిసిపోయాను. సాయంత్రానికి మేనేజర్ పిలిచి, ‘‘మన సరుకులో అన్ని తప్పులున్నాయా అని అడుగుతున్నారయ్యా, ఏం చెప్పమంటావ్?’’ అన్నాడు. ప్లెథోరా అంటే సమృద్ధి కాదు, అతి. వెనకటి వైద్యంలో ఒంట్లో నెత్తురు ఎక్కువైపోతే ఆ పేరుతో పిలిచేవాళ్లు. చీటీ మీద ఆ నెత్తురు లేదు.

ఈ కథ చెప్పగానే కుర్రాడు నోట్‌బుక్ తిరగేశాడు. అప్పటిదాకా ఎడమ వైపు ఇంగ్లిష్ మాట, కుడి వైపు ఫార్సీ అర్థం రాసుకునేవాడు. ఆ రోజు నుంచి కుడి వైపు అర్థం రాయడం మానేశాడు. ఆ మాట ఎవరితో తిరుగుతుందో రాయడం మొదలెట్టాడు. ‘అలీవియేట్’ ఎదురుగా నొప్పి, పేదరికం, ట్రాఫిక్. ‘ఎగ్జాసర్బేట్’ ఎదురుగా కరవు, గొడవ, ఉబ్బసం. నెల తిరిగేసరికి తనే కనిపెట్టాడు. అసలు చెడు లేనిదే ఈ రెండు మాటలూ గడప దాటవని. ఇన్నేళ్లూ వాటిని వాడుతున్న నాకు ఆ సంగతి తట్టలేదు.

అసలు ఇలాంటి క్రియలు అతనికీ నాకూ ఎందుకు కొరుకుడు పడవో కూడా ఆ నోట్‌బుక్కే చెప్పింది. ఫార్సీలో ఒంటరిగా నిలబడే క్రియలు తక్కువ. ఏదో ఒక నామవాచకం పక్కన ‘కర్దన్’ అని తగిలిస్తే పని జరిగిపోతుంది. కర్దన్ అంటే చేయడం. కొమక్ కర్దన్ అంటే సాయం చేయడం. కొత్త మాట ఊళ్లోకి వస్తే దానికీ అదే మర్యాద, దాన్‌లోద్ కర్దన్. మనం మాత్రం? ఫోన్ చేయి, మెయిల్ చేయి, డౌన్‌లోడ్ చేయి, డిప్లాయ్ చేయి. చేయడం చాలకపోతే వాళ్లకి ‘ఖొర్దన్’ ఉంది, అంటే తినడం. జలుబు చేస్తే చలి తిన్నామంటారు, మోసపోతే మోసం తిన్నామంటారు, ఒట్టు కూడా తింటారు. ఇలా అన్నిటికీ చేయి, తిను తగిలించుకుని బతికేవాళ్లం ఇంగ్లిష్ రాసేటప్పుడు కూడా ‘మేక్’ పక్కన ఏదో ఒకటి పెట్టి లాగించేస్తాం. సమస్యని ఎక్కువ చేశారు, నొప్పి తక్కువ చేశారు. మొత్తం పనిని ఒక్క మాటలో మింగేసే క్రియ దగ్గరికి చెయ్యి పోదు. మా ఆఫీసు మెయిళ్లలో కనిపించేది తెలివితక్కువతనం కాదు, ఈ అలవాటే. అప్రైజల్‌లో కమ్యూనికేషన్ స్కిల్స్ అని మార్కులు కోసేవాళ్లకి ఇది ఎవరైనా చెబితే బాగుండు.

ఉచ్చారణ సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అతనికి కోపం వస్తుంది. ఫార్సీలో మాట మొదట్లో రెండు హల్లులు కలిసి నిలబడవు. అందుకని ముందో ‘ఎ’ వచ్చి చేరుతుంది. ఎస్కూల్, ఎస్ట్రీట్. పాపం, కర్మ కాకపోతే సాఫ్ట్‌వేర్‌లోకే రావాలా! స్టాండప్, స్ప్రింట్, స్క్రమ్, స్టోరీ, స్పెక్, స్టాక్, స్క్రిప్ట్, స్టేజింగ్... రోజంతా అవే. టీమ్‌లో కుర్రాళ్లు నవ్వితే నేను మా నాయనమ్మని తలుచుకుంటాను. ఆవిడ బతికినన్నాళ్లూ ‘ఇస్కూలు’కే పంపింది మమ్మల్ని.

పెద్ద మాటలకి మూలాలు చెప్పుకోవడం మా అరగంటల్లో నాకు ఇష్టమైన భాగం. ఒకరోజు కోడ్ రివ్యూ మధ్యలో ‘‘చెక్ చేశావా, చెక్-ఇన్ చేశావా’’ అని అతను అడుగుతుంటే ఆపాను. ‘‘నువ్వు పొద్దుట్నుంచి మీ రాజుగారిని ఎన్నిసార్లు పిలిచావో తెలుసా?’’ అన్నాను. చదరంగంలో రాజు ఫార్సీలో షా. ఆ షా అరబ్బుల మీదుగా పాత ఫ్రెంచికి చేరి, అక్కణ్నుంచి ఇంగ్లిష్‌లో చెక్ అయింది. రాజుని ఆపడం చెక్. దాన్నుంచి ఎవర్ని ఆపినా, ఏది సరిచూసినా చెక్. బ్యాంకు చెక్కూ అదే, గళ్ల చొక్కా మీది చెక్సూ అదే. బ్రిటన్ ఖజానాకున్న ఎక్స్‌చెకర్ అన్న పేరు కూడా లెక్కలు వేసే బల్ల మీది గళ్ల గుడ్డ నుంచి వచ్చిందే. చెక్‌మేట్ అయితే పూర్తిగా వాళ్లదే, షా మాత్. అతను కాసేపు మానిటర్ వంక చూసి, ‘‘అయితే నేను ఇంగ్లిష్ నేర్చుకోవడం కాదన్నా, బాకీ వసూలు చేసుకుంటున్నాను’’ అన్నాడు.

ఆ వసూళ్లు పెరిగాయి. పారడైజ్ అంటే మన వాళ్లకి సికింద్రాబాద్ బిర్యానీ గుర్తొస్తుంది. ప్రాచీన ఇరాన్ భాషలో ఆ మాటకి అర్థం చుట్టూ గోడ కట్టిన చోటు. మన సంస్కృత ‘పరి’కీ అందులోని మొదటి ముక్కకీ చుట్టరికం. ఆ లెక్కన కొండాపూర్‌లో ప్రతి గేటెడ్ కమ్యూనిటీ స్వర్గమే, మెయింటెనెన్స్ బిల్లు వచ్చేదాకా. సెరెండిపిటీ అన్న మాటని హోరెస్ వాల్‌పోల్ 1754లో ఒక ఉత్తరంలో పుట్టించాడు. సెరెండిప్ అంటే శ్రీలంకకి పాత ఫార్సీ, అరబ్బీ పేరు. ఇక ఆరెంజ్! మన నారింజకీ సంస్కృత నారంగానికీ ఫార్సీ నారంగ్‌కీ ఇంగ్లిష్ ఆరెంజ్‌కీ ఒకటే వేరు. ఆ వేరు ద్రావిడ నేలలోనే ఉందని భాషా చరిత్రకారుల్లో చాలామంది మాట. నేను ఛాతీ విరుచుకునే లోపే అతను గాలి తీసేశాడు. ఇరాన్‌లో తియ్యటి నారింజని ఇప్పుడు పొర్తెఘాల్ అంటారట, పోర్చుగల్ పేరుతో.

మేం కూర్చునే కిటికీలోంచి సైబర్ టవర్స్ కనిపిస్తుంది. 1998 నవంబరు 22న వాజ్‌పేయి ప్రారంభించిన కట్టడం. చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య ఇప్పుడది పెద్దవయసు బంధువులా ఉంటుంది. దాంతోపాటు పుట్టిన సైబరాబాద్ అన్న పేరు మీద మేం ఒక గురువారమంతా ఖర్చుపెట్టాం. ఓడ చుక్కాని పట్టేవాడికి గ్రీకులో ఉన్న పేరు నుంచి నోర్బర్ట్ వీనర్ 1948లో సైబర్నెటిక్స్ అన్నాడు. దాని తల మనం తెచ్చుకున్నాం. ఆబాద్ మాత్రం అతని ఇంటిది, మనుషులు ఉండి కళకళలాడే చోటని అర్థం. 1591లో ఈ పట్నం పునాది వేసినప్పుడు కులీ కుతుబ్ షా కొలువులో పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ కూడా ఇరాన్‌లోని ఆస్తరాబాద్ నుంచి వచ్చినవాడే. గచ్చిబౌలిలో గచ్చు కూడా ఫార్సీయే, గోడకి పూసే సున్నం. ఖాజాగూడలో వాళ్ల ఖ్వాజా మన గూడెంలో కాపురం పెట్టాడు.

మా అమ్మ ఫోన్ చేసినప్పుడు ఇంకో పాఠం నడిచింది. ఊళ్లో పొలం రిజిస్ట్రేషన్ గొడవ. దస్తావేజు, దరఖాస్తు, గుమాస్తా, ఖరీదు, కాగితం, ఫిర్యాదు, రోజు అంటూ ఆవిడ అరగంట చెప్పింది. స్పీకర్‌లో విన్న కుర్రాడు కళ్లు పెద్దవి చేసుకుని ‘‘మీ అమ్మగారికి ఫార్సీ వచ్చా?’’ అన్నాడు. కుతుబ్‌షాహీల నుంచి 1880ల దాకా ఇక్కడి కచేరీ కాగితాలు నడిచింది ఎక్కువగా ఆ భాషలోనే. కోస్తా జిల్లాల్లో కూడా ఈ మాటలు ఎంత పేరుకున్నాయంటే, బ్రౌన్ దొర 1854లో వీటికోసం విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే వేశాడు. అయితే కుర్రాడికి విన్నదంతా అర్థమైనట్టే ఉండి, కథ మాత్రం వేరేగా వెళ్లింది. వాళ్ల ఫర్యాద్ అంటే అరుపు, పెడబొబ్బ. ఖరీద్ అంటే కొనడం, ధర కాదు. దస్తావీజ్‌కి అక్కడ ఇవాళ సాకు అనే అర్థం కూడా ఉంది. మొత్తం మీద మా అమ్మ కొనుక్కున్న సాకు పట్టుకుని ఆఫీసు ముందు బొబ్బలు పెట్టిందని తేల్చాడు. నిజానికి జరిగింది కూడా దాదాపు అదే.

మాట ఒకటే అయినా తిరిగే తోడు మారితే మనిషి మారిపోయినట్టే. నోట్‌బుక్‌లో కుడి వైపు పేజీ ఎందుకు నిండుతోందో ఆ రోజు బాగా తెలిసొచ్చింది. కానీ ఆ పద్ధతి కూడా ఒకచోట ఆగిపోయింది.

పోయిన గురువారం సాయంత్రం పనయ్యాక కింద క్యాబ్ కోసం నిలబడ్డాం. ఇరాన్‌కీ మనకీ రెండు గంటల తేడా, అమ్మ మాట్లాడే వేళ అది. ఫోన్ పెట్టేశాక అడిగాడు. ‘‘దెలమ్ తంగ్ షొదె అంటామన్నా, గుండె ఇరుకైపోయిందని. అమ్మ రోజూ అంటుంది. దీనికి పెద్ద ఇంగ్లిష్ ఏంటి?’’ హోమ్‌సిక్ అన్నాను. అది ఇంటిమీద, మనిషి మీద కాదు అన్నాడు. పైనింగ్, యర్నింగ్, విస్ట్‌ఫుల్... ఒక్కొక్కటీ చెప్తుంటే ఒక్కొక్కటీ తల అడ్డంగా ఊపాడు. ‘‘వీళ్లు మామూలుగా ఏమంటారు?’’ ‘‘మిస్ యూ అంటారు.’’ ‘‘బస్సు పోయినా అదే కదా!’’

అప్పుడు మన ‘బెంగ’ చెప్పాను. ఎవరితో తిరుగుతుంది అని వెంటనే అడిగాడు. పిల్లలు బెంగ పెట్టుకుంటారు, బెంగతో చిక్కిపోతారు, మనిషి కళ్లబడితే బెంగ తీరుతుంది అన్నాను. తన లిపిలో కుడి నుంచి ఎడమకి రాసుకున్నాడు. రాసి, ‘‘మేం దుఃఖాన్ని తింటాం, ఘమ్ ఖొర్దన్. మీరు బెంగని తింటారా?’’ అన్నాడు.

‘‘తినం. అదే మనల్ని తింటుంది.’’

ఈ మాటల్లో ఉండగా ఫోన్ చిన్నగా మోగింది. డ్రైవర్ వచ్చి, ఐదు నిమిషాలు చూసి, క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోయాడు. ‘‘మిస్ అయిపోయింది’’ అన్నాను. కుర్రాడు పెన్ను మూత మళ్లీ తీసి, ‘‘ఏ మిస్?’’ అన్నాడు.