కార్తెకొక నడక

పిల్లలకు ప్రకృతిని పరిచయం చేయడమంటే అభయారణ్యానికి తీసుకుపోవడమనే అభిప్రాయం బలంగా ఉంది గాని, ఒక పక్క గోదావరి, మరొక పక్క టేకు, మద్ది, తునికి కలగలిసిన ఆకురాల్చే అడవి, మధ్యలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు ఉన్న మణుగూరు వంటి చోట, ఇంటి నుంచి చెరువుకట్ట దాకా పోయే ఒకే దారిని ఏడాది పొడవునా మళ్లీ మళ్లీ నడవడమే అంతకన్నా ఫలితమిచ్చే పద్ధతి. దానికి కావలసిన కాలపట్టిక రైతు ఇంటి పంచాంగంలో ఎప్పటినుంచో ఉంది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి 27 కార్తెలు. కార్తెకొక నడక చొప్పున పెట్టుకుంటే, వానను, పూతను, పురుగును గమనించి పెద్దలు కట్టిన లెక్క పిల్లల కాళ్ల కిందికి వస్తుంది.

రోళ్లు పగులుతాయని సామెత చెప్పే రోహిణిలో తెల్లవారుజామున తప్ప బయట అడుగు పెట్టకపోవడమే మేలు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చి, తొలి వానలు పడి, 22 ప్రాంతంలో ఆరుద్ర మొదలయ్యేసరికి మెత్తబడిన నేల మీద ఎర్రని మఖమలు ఒంటితో ఆరుద్ర పురుగులు కనబడతాయి. పేరుకు పురుగే అయినా శాస్త్రరీత్యా ఇది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లైతే దీనికి ఎనిమిది, అందువల్ల ఇది సాలీడు, తేలు ఉన్న వర్గంలో చేరుతుంది. ఈ సంగతి పెద్దవాళ్లు ముందే చెప్పేస్తే నడక కాస్తా పాఠమైపోతుంది. కాళ్లు లెక్కపెట్టమని మాత్రం చెప్పి ఊరుకుంటే, తాకగానే కాళ్లు ముడుచుకునే ఆ జీవి ముందు పిల్లలు ఓపిగ్గా కూర్చుని, ఆరని ఒకరు, ఎనిమిదని ఒకరు తగువుపడి, తేల్చుకోవడానికి ఇంకొకదాన్ని వెతుక్కుంటారు. అగ్గిపెట్టెలో వేసి ఇంటికి తేవడం మాత్రం వద్దనాలి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడిపే ప్రాణికి పైకి వచ్చే రోజులు కొద్ది.

అవే వానలకు పుట్టల్లోంచి ఉసిళ్లు, అనగా కొత్త కాపురం కోసం రెక్కలతో బయలుదేరే చెదపురుగులు, వీధిదీపాల చుట్టూ ముసురుకుంటాయి, వాటి వెంట కప్పలూ బల్లులూ చేరతాయి. పుట్టను పాముల ఇల్లుగానే ఎరిగిన పిల్లలకు, దానిని కట్టేది చెదలని, కొన్ని జాతుల చెదలు లోపల శిలీంధ్రాన్ని పంటలాగా పెంచుకుంటాయని, వానాకాలంలో పుట్ట మీద లేచే పుట్టగొడుగు ఆ తోటలోదేనని తెలిస్తే ఆ దారి మునుపటిలా ఉండదు. పాములు నిజంగానే చేరతాయి గనుక చూపు దగ్గరగా, కాలు దూరంగా ఉండాలి.

సింగరేణిలోను, పొరుగున అశ్వాపురంలోని భారజల కర్మాగారంలోను, భద్రాద్రి విద్యుత్ కేంద్రంలోను ఉద్యోగాలకు వేరే జిల్లాల నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడి చెట్ల పేర్లు తమకే తెలియవని వెనుకాడతారు. అమెరికా జీవశాస్త్రవేత్త రేచెల్ కార్సన్, అక్క మనవడితో కలిసి మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో తిరిగిన అనుభవంతో 1956లో రాసిన వ్యాసంలో, పిల్లల పక్కన తానూ ఆశ్చర్యపడే పెద్దమనిషి ఒకరు ఉండడం ముఖ్యమని, పేర్లు తెలియడం తర్వాతి సంగతని వాదించింది. మణుగూరులో ఆ పేర్లు తెలిసినవాళ్లు దగ్గరలోనే ఉన్నారు. ఇప్పపూలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే రాలతాయి. కోయ కుటుంబాలు వెలుగు రాకుండానే గంపలతో చెట్టు కిందికి చేరతాయి. కొత్తల పండుగ జరిగే వరకు కొత్త మామిడికాయ నోట పెట్టని కట్టుబాటు గల ఇళ్లలో పెరిగే పిల్లలు తరగతిలో ఉన్నప్పుడు, ఆ నడకకు ముందు నడవవలసింది వాళ్లే. రాలిన పువ్వు ఒక ఇంటి జీవనాధారమని, అడగకుండా ఏరకూడదని కూడా వాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు.

గనిని తప్పించుకుని నడిస్తేనే ప్రకృతి అనుకోవడం పొరపాటు. బొగ్గు పొర మీది మట్టిని, రాతిని తవ్వి పోసిన దిబ్బల దగ్గరికి పిల్లలను పోనివ్వరాదు, పోనివ్వరు కూడా. అయితే రోడ్డు మీద నిలబడి చూసినా అవి కొండలు కావని, అడుగున ఉన్నది పైకి వచ్చిందని చెప్పవచ్చు. గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పూర్వపు చిత్తడి అడవుల శేషం. ఆ అడవుల్లో విరివిగా పెరిగిన గ్లోసోప్టెరిస్ అనే చెట్టుకు నాలుక ఆకారపు ఆకు, అందులో వలలాంటి ఈనెలు. అవే ఆకుల అచ్చులు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా రాళ్లలోనూ దొరకడం, ఇవన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే భూఖండమని నిరూపించిన ఆధారాల్లో ఒకటి. గోండుల నేల పేరు మీద ఏర్పడిన ఆ మాట ప్రపంచపు భూగర్భశాస్త్ర గ్రంథాలన్నిటిలో ఉంది. దారిలో రాలిన టేకాకు మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది ఈనెల అచ్చు తీయించి, పుస్తకంలోని గ్లోసోప్టెరిస్ బొమ్మ పక్కన పెట్టిస్తే సగం పని అయినట్టే. దిబ్బ స్థానంలో మునుపు ఏముండేదని పిల్లలు అడిగితే అడవి అని, పొలాలని ఉన్నమాట చెప్పాలి.

ఒక నోటు పుస్తకంలో కార్తె పేరు, తేదీ, చూసినవి మూడు ముక్కలు రాయిస్తే చాలు. రెండో ఏడాది ఇప్పపూత ముందు వచ్చిందో, వెనకబడిందో పిల్లలే చెప్పగలుగుతారు. చిగురు, పూత, కాపు వివరాలను దేశమంతటా పౌరుల నుంచి, బడిపిల్లల నుంచి సేకరించే సీజన్‌వాచ్ కార్యక్రమం చేస్తున్నదీ ఇదే పని, మణుగూరు చెట్టు లెక్కకూ అందులో చోటుంది.