గడియారమును తరిమిన లాభమెంత?

ఆదివారమునాడు ఆబిడ్స్‌లో పెద్ద అంగళ్లు మూసియుండగా కాలిబాటలపై పాత పుస్తకములు పరచి అమ్ముట హైదరాబాదు వాసులకు తెలిసినదే. ఆ రాసులలో పాఠ్యగ్రంథముల నడుమ కంప్యూటరు పత్రికల వెనుకటి సంచికలును ఒక్కొక్కప్పుడు దొరకును. ప్రాసెసరును తయారుచేసినవారు నిర్ణయించిన వేగమునకు మించి నడుపుట, అనగా ఓవర్‌క్లాకింగ్, ఇంటిలోనే చేసికొను విధానమును ఇట్టి పత్రికలు చాలకాలము బోధించినవి. నేడు అదే బోధ వీడియోలలో వచ్చుచున్నది. ఈ బోధలో సాహసము కలదు, సరదా కలదు. కొలత మాత్రము సరిగా లేదు.

ఈ విద్యకు కీర్తి తెచ్చినది 1998లో ఇంటెల్ కంపెనీ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ. దాని బస్సు వేగము 66 మెగాహెర్ట్జులు, గుణకము 4.5, రెంటిని గుణించిన సుమారు 300 వచ్చును. బస్సును 100కు పెంచినచో పెక్కు చిప్పులు 450 వద్ద నిలుకడగా నడిచినవి. ఇందులో మాయ లేదు. చిప్పు సామర్థ్యము ఎక్కువ, దానిపై వేసిన అంకె తక్కువ. ఆ మిగులును కొన్నవాడు వాడుకొనెను. కాని 2008లో వచ్చిన కోర్ ఐ7 మొదలుకొని, ప్రాసెసరే తన ఉష్ణోగ్రతను, విద్యుత్తును గమనించుకొని వేగమును పెంచుకొనుట నేర్చినది. యజమాని పాలన్నియు పితికిన పిమ్మట చెంబు పట్టుకొని ఆవు దగ్గరకు పోయినట్లున్నది నేటి ఓవర్‌క్లాకింగ్.

లెక్క చూడుడు. ప్రాసెసరు వినియోగించు విద్యుత్తు పౌనఃపున్యముతో పాటును, వోల్టేజి యొక్క వర్గముతో పాటును పెరుగును. వేగమును 4.0 గిగాహెర్ట్జుల నుండి 4.6కు పెంచుటకు వోల్టేజిని 1.20 నుండి 1.35కు ఎత్తవలసివచ్చినదనుకొందము. వేగము 15 శాతము పెరిగినది; విద్యుత్తు దాదాపు 45 శాతము పెరిగినది. 100 వాట్లు 145 అయినవి. గంట పట్టు పని, అన్నియు కలిసివచ్చినచో, 52 నిమిషములలో ముగియును. ఆ ఎనిమిది నిమిషముల కొరకు పని మొత్తముమీద నాలుగవవంతు హెచ్చు విద్యుత్తు ఖర్చయినది.

ఇక ఉష్ణము. వాటుకు 0.45 డిగ్రీల చొప్పున వేడెక్కనిచ్చు ఫ్యాను అమర్చినచో, 145 వాట్లకు చిప్పు గది ఉష్ణోగ్రతపై 65 డిగ్రీలు ఎక్కును. బోధించువారి గది 22 డిగ్రీలది. అక్కడ 87 వద్ద ఆగును. మే నెలలో హైదరాబాదున ఎండ 40 డిగ్రీలు దాటును. నాంపల్లిలో కాంక్రీటు కప్పు క్రింద, పై అంతస్తు గదిలో 38 డిగ్రీలున్నచో చిప్పు 103ను చేరవలెను. పెక్కు ప్రాసెసర్లు 100 సమీపమున తమంతట తామే వేగము తగ్గించుకొనును. అనగా కష్టపడి పెంచిన వేగము మధ్యాహ్నమునకు మాయమగును! ఏ వీడియోలోనైనను గది ఉష్ణోగ్రత చెప్పనిచో ఆ ఫలితమునకు విలువ లేదు.

మెమొరీ విషయము మరింత మోసకరమైనది. డీడీఆర్4 రకములో 3200 అంకెగలది 16 గడియలలో, 3600 అంకెగలది 18 గడియలలో జవాబిచ్చుననుకొందము. రెండును 10 నానోసెకనులే! పెద్ద అంకెగలది ఎక్కువ సమాచారమును మోయును, నిజమే. మొదటి జవాబు మాత్రము ముందుగా రాదు. అట్టపెట్టెమీది అంకె ఈ మాట చెప్పదు.

అసలు ప్రమాదము యంత్రము కాలిపోవుట కాదు. మెమొరీ కణములలోని విద్యుదావేశము నిరంతరము కారిపోవుచుండును. దానిని 64 మిల్లీసెకనులలోపల తిరిగి నింపవలెను. ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటినచో 32లోపలనే నింపవలెనని ప్రమాణము. ఇంటి కంప్యూటర్లలో సాధారణముగా తప్పులను పట్టి దిద్దు మెమొరీ ఉండదు. ఒక్క బిట్టు తారుమారైనచో 37 అంకె 1061 కావచ్చును, అది కంటబడును. అదే 37 స్థానమున 39 వచ్చినచో ఎవరు పట్టుకొందురు? ఇంటి యంత్రముపై ప్రాజెక్టు లెక్కలు వేయు విద్యార్థి ఆ 39నే పట్టికలో వ్రాసికొనును. యంత్రము ఆగిపోలేదు గనుక అంతయు సవ్యమని భావించును. తెర వెలిగినచో గెలిచినట్లే అను బోధ చేసిన హాని ఇది.

వోల్టేజి అధికమైన ఏమగునో 2024లో తయారీదారుకే తెలిసివచ్చినది. ఇంటెల్ 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరములైనవి. చిప్పు తప్పుగా అధిక వోల్టేజి కోరుటయే ముఖ్యకారణమని కంపెనీ ప్రకటించి, ఆగస్టులో దిద్దుబాటు మైక్రోకోడును ఇచ్చెను. వారంటీని మరి రెండు సంవత్సరములు పొడిగించెను. అప్పటికే చెడిన చిప్పును ఆ దిద్దుబాటు బాగుచేయజాలదు.

ఉత్సాహవంతులు ఇదే సూత్రమును తలక్రిందులు చేసి చూచుట మేలు. వేగమును అట్లే యుంచి 1.20 వోల్టులను 1.10కి తగ్గించగలిగినచో 100 వాట్లు 84 అగును. 38 డిగ్రీల గదిలో చిప్పు 83 నుండి 76కు దిగును. అయితే అతిగా తగ్గించినను తప్పులు వచ్చును. కావున పరీక్ష తప్పదు. నుమాయిష్ జరుగు జనవరి చలిలో రాత్రియెల్ల పరీక్షించి నెగ్గిన అమరికను మే నెల మధ్యాహ్నమున, ఫ్యానులోని దుమ్ము దులపకమునుపు, మరల పరీక్షించవలెను.