కొయ్యసుత్తి కింద పుట్టే బండి

ఒక బండి అసలైన కఫే రేసరా కాదా అని తేల్చుకోవడానికి నేను ముందు ఇంజిను చూడను. నాలుగడుగులు వెనక్కి వేసి, పక్కనుంచి, గొంతు కూర్చుని ట్యాంకు అడుగు అంచు చూస్తాను. ఆ గీత ముందు కొస నుంచి సీటు చివరి దాకా ఎక్కడా తెగకుండా నేలకు సమాంతరంగా సాగితే, కట్టినవాడి చేతికి దండం పెట్టొచ్చు. మధ్యలో కుంగినా లేచినా, ఎన్ని లక్షలు పోసినా అది వేషమే.

కఫేల దగ్గర పందేలకు కట్టిన ఈ మోటారుసైకిళ్ల పుట్టిల్లు లండన్. నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కఫే అని ఒకటుంది. 1938లో తెరిచారు, యుద్ధంలో బాంబు పడి కూలితే 1949లో మళ్లీ కట్టారు. పగలు పనికిపోయే కుర్రాళ్లు రాత్రి అక్కడ చేరి టీ తాగేవాళ్లు, పందేలు వేసుకునేవాళ్లు. గంటకు వంద మైళ్లు ముట్టడం వాళ్లకు మొక్కు. జ్యూక్‌బాక్సులో పాట మొదలయ్యేసరికి బయల్దేరి, అది అయిపోయేలోపు చుట్టి రావాలని పందెం కాసేవారంటారు. ఆ పందెం నిజంగా ఎన్నిసార్లు జరిగిందో గానీ, ఆ వంద మైళ్ల కోసం వాళ్లు ఇంటి వెనక షెడ్లలో చేసిన పని మాత్రం నిజం.

వాళ్ల దగ్గర డబ్బు లేదు. ఉన్న బండిలోంచి అక్కర్లేని బరువు తీసేశారు. ఎత్తు హ్యాండిలు పీకి ఫోర్కు గొట్టాలకే రెండు కురచ పిడులు బిగించారు, వాటినే క్లిప్-ఆన్‌లంటారు. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపారు. గాలికి అడ్డు రాకుండా ట్యాంకు మీద వాలి పడుకునేలా ఒక్కరికే సీటు. ఈ మార్పుల్లో అలంకారానికి చేసింది ఒక్కటీ లేదు. అందం దానంతటదే వచ్చింది.

వీటన్నిటిలో మహారాజు ట్రైటన్. ఈ మాట దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను. నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిను దించితే ట్రైటన్. ఫెదర్‌బెడ్ అనే ఆ ఫ్రేము గీసినవాడు బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌క్యాండ్లెస్. తమ్ముడు క్రోమీ తోడు. రెండు ఉక్కు చట్రాలు మెడ దగ్గర ఒకదాన్నొకటి దాటి బిగిసే ఆ అమరిక మీద 1950 ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీలో నార్టన్లు సీనియర్, జూనియర్ పందేలు రెండింటిలోనూ మొదటి మూడు స్థానాలూ ఊడ్చేశాయి. నడిపిన హెరాల్డ్ డానియెల్ ఈకల పరుపు మీద కూర్చున్నట్టుందన్నాడట, ఆ పేరే నిలిచింది. అప్పట్లో 500 సీసీ చిన్న రేసు కార్లు కట్టేవాళ్లకు నార్టన్ రేసు ఇంజిను కావాలి. కంపెనీ విడి ఇంజిను అమ్మదు. దాంతో వాళ్లు బండి మొత్తం కొని, ఇంజిను పీకి కారులో పెట్టుకుని, ఫ్రేము అమ్మేసేవారు. అలా గుండె లేని గొప్ప ఒళ్లు కొన్ని సంతకొచ్చాయి. ట్రయంఫ్ ట్విన్ ఇంజిను చౌక, చురుకు, ఎక్కడైనా దొరికేది. పెళ్లి కుదిరింది.

ఇది కుర్రకారు సరదా అని తీసిపారేసేవాళ్లకు నా జవాబు ఒకే పేరు: డేవ్ డీగెన్స్. లండన్‌లో డ్రెస్డా పేరుతో ట్రైటన్లు కట్టిన ఈయన, 1965లో రెక్స్ బుచర్‌తో కలిసి తన ట్రైటన్‌నే తీసుకెళ్లి బార్సిలోనా 24 గంటల పందెం గెలిచాడు. మోంట్‌జుయిక్ కొండ మీద మలుపులు, ఎత్తుపల్లాలు, రాత్రంతా పరుగు. పెద్ద కంపెనీల బండ్ల మధ్య షెడ్డులో కట్టిన బండి! 1970లో తను కట్టిన మరో బండి మీద అదే పందెం మళ్లీ గెలిచాడు. కట్టినవాడే నడిపి గెలవడం కన్నా పెద్ద సర్టిఫికెట్ ఏ విద్యలోనైనా ఉంటుందా?

మనకు ట్రైటన్ దొరకదు. బులెట్ ఉంది. 1955లో మద్రాసులో మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బులెట్ ఆ ఇంగ్లీషు బండ్ల కుటుంబం పిల్లే. అరవైల్లో అదే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లో కాంటినెంటల్ జీటీ అని 250 సీసీ కఫే రేసరును ఫ్యాక్టరీలోనే చేసి అమ్మింది. దాని మీద ఐదుగురు రైడర్లు వంతులవారీగా బ్రిటన్ ఈ కొస నుంచి ఆ కొసకు 24 గంటల లోపే చేరారు. అందుకే పోత ఇనుము ఇంజిను పాత బులెట్‌ను కఫే రేసరుగా మార్చడం నాకు అరువు సరదాగా అనిపించదు.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నది అలాంటి బులెట్టే. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 18 గుర్రాలు. దాని మీద పని పెట్టినవాడికి మొదటి పరీక్ష హెడ్‌లైటు దగ్గరే. బులెట్‌లో హెడ్‌లైటు, మీటరు కూర్చునే ఆ పెద్ద డొప్ప ఉత్త మూత కాదు, ఫోర్కు గొట్టాల పై కొసలను పట్టుకునేది కూడా అదే. దాన్ని తీస్తే ఫోర్కు గాలిలో వేలాడుతుంది. కాబట్టి అల్యూమినియం దిమ్మె నుంచి కొత్త పై ప్లేటు తిప్పించాలి. మొదటిసారి ఒక లేతు షాపులో చేయించిన ప్లేటులో రంధ్రాల మధ్య దూరం అర మిల్లీమీటరు తప్పింది. బిగించి ముందుకు నొక్కితే కిందికి దిగిన ఫోర్కు పైకి రాలేదు. నెల రోజుల పని, దిమ్మె ఖర్చు మట్టిపాలు. రెండోది చేసిన పెద్దాయన కొలిచింది ప్లేటును కాదు, ముందు నా ఫోర్కును.

ఫుట్‌రెస్టులు ఇంకో చిక్కు. పాత బులెట్‌లో గేరు, కిక్కు రెండూ కుడివైపే. ఫుట్‌రెస్టు వెనక్కి జరిపితే కిక్కు దారికి అడ్డొస్తుంది, అందుకే అది మడిచేదై ఉండాలి. గేరు రాడ్డును తప్పు వైపు నుంచి కలిపితే గేర్లు తలకిందులవుతాయి. ఇలాంటివి విడి భాగం పెట్టె మీద రాసి ఉండవు.

ఇక ట్యాంకు. దీని గురించి రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఒకప్పుడు బస్సు బాడీలకు వంపు రేకులు కొట్టిన మేస్త్రీ ఒకాయన నా ట్యాంకు చేశారు. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. ముందుగా చెక్కతో ట్యాంకు ఆకారం చేసుకున్నారు. ఆ తర్వాత రేకు మీద బట్టల సబ్బు రుద్దారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. సబ్బే ఆయన థర్మామీటరు. గ్యాసు మంట రేకు మీద అటూ ఇటూ తిప్పుతుంటే తెల్లటి సబ్బు గోధుమ రంగుకు తిరిగి, నల్లబడింది.

"అదిగో, నల్లబడింది. ఇంక ఒక్క క్షణం ఆగినా రేకు ఉండదు బాబూ" అంటూ మంట తీసేశారు.

చల్లారాక ఆ రేకు అట్టముక్కలా వంగింది. దాన్ని ఇసుక సంచి మీద పెట్టి కొయ్యసుత్తితో కొట్టడం మొదలుపెట్టారు. గట్టి దెబ్బలు కావు. ఒకే బరువు, ఒకే చప్పుడు, ఒకదాని పక్కన ఒకటి. మోకాలు ఆనే చోట లోపలికి గుంట, దాని పైన బయటికి ఉబ్బు. కొట్టేకొద్దీ రేకు మళ్లీ గట్టిపడుతుంది. మళ్లీ సబ్బు, మళ్లీ మంట. మధ్యాహ్నానికి ఒక్క పక్కే అలా నాలుగుసార్లు కాల్చారు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనివాళ్లను చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యమే మళ్లీ కలిగింది.

అతుకు గ్యాసుతోనే వేశారు. టిగ్ వెల్డింగ్ శుభ్రంగా ఉంటుందనేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ. టిగ్ అతుకు గట్టిది, సుత్తి దెబ్బకు పగిలే భయం ఉంటుంది. గ్యాసు అతుకు మెత్తన, దిమ్మె మీద పెట్టి సాపు చేస్తే రేకులో కలిసిపోతుంది. ఫ్లక్సు మాత్రం వేణ్ణీళ్లతో పూర్తిగా కడగాలి, కొంచెం మిగిలినా రేకును తినేస్తుంది. చివరికి మేస్త్రీగారు కళ్లు మూసుకుని అరచేయి ట్యాంకు మీద నిమిరారు. కంటికి కనిపించని ఎత్తు ఒకటి చేతికి తగిలింది. రెండు దెబ్బలు వేశారు. మళ్లీ నిమిరి, చాలన్నారు. పుట్టీ చెంచాడు కూడా వాడలేదు.

స్పోకులు బిగించి చక్రం బెండు తీయడం, కార్బురేటరు జెట్లు మార్చి ప్లగ్గు లేత గోధుమ రంగుకు వచ్చేదాకా సరిచూడటం కూడా విద్యలే. వాటిని నేర్పేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నా.

నాకు కడుపు మండేది రెడీమేడ్ కఫే రేసర్ కిట్లను చూస్తే. ఫైబరు డొప్ప ఒకటి తెచ్చి అసలు ట్యాంకు మీద బోర్లిస్తున్నారు. సీటు పేరుతో చెక్కపలకకు గోధుమరంగు రెక్సిన్. వేగం కోసం పుట్టిన బండికి పొలంలో తిరిగే గళ్ల టైర్లు. సైలెన్సర్‌కు ఆసుపత్రి కట్టులా గుడ్డ పట్టీ, లోపల గుల్ల చేసి వీధంతా అదిరే చప్పుడు. అన్నిటికన్నా ఘోరం, షాక్ అబ్జార్బర్ల బరువు మోసే ఫ్రేము వెనక భాగాన్ని రంపంతో కోసి, పల్చటి గొట్టం అతికించడం. అది విరిగేది గుంటలో పడ్డప్పుడు, నడిపేవాడి వెన్ను కింద. ఇది ఫ్యాషన్ కాదు, ప్రాణాలతో చెలగాటం. ఇలాంటివి చూసే జనం కఫే రేసరంటే రౌడీ బండి అనుకుంటున్నారు. డీగెన్స్ విద్యకు ఈ పేరా దక్కాల్సింది?

చట్టం మాట కూడా దాచను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చనివ్వదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అందుకే నా ఫ్రేముకు రంపం తగలనివ్వలేదు. విప్పిన ప్రతి భాగం నూనెగుడ్డలో చుట్టి అటక మీద ఉంది, రెండు రోజుల్లో బండిని పాత రూపుకు తేవచ్చు. వేగం చూపించాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉంది.

మీ షెడ్డులో పాత బులెట్టో యెజ్డీయో తుప్పు పడుతుంటే, కిట్టు కోసం డబ్బు కట్టేముందు మీ ఊళ్లో చేత్తో రేకు కొట్టే మేస్త్రీ ఎవరున్నారో వాకబు చేయండి. ట్యాంకు తీసుకుని ఆయన దగ్గరికే వెళ్లండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి, వీలైతే మీ పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టండి. నా ట్యాంకు చేసిన మేస్త్రీగారికి డెబ్బై దాటాయి. కొయ్యసుత్తి అందుకోవడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు.